80 పెట్టాలా, 100 పెట్టాలా? సబ్‌వూఫర్ క్రాసోవర్ ఎంచుకునే పద్ధతి

సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ శబ్దాల కోసమే ఉండే స్పీకర్ పెట్టె (ముద్దుగా సబ్), ఇంటికొచ్చిన కొత్తలో అందరూ చేసే పని ఒకటే: వాల్యూమ్ పెంచి ఒక ఫైట్ సీన్ పెట్టడం. కిటికీ అద్దాలు అదిరితే సబ్ బాగున్నట్టే లెక్క. అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. సినిమాలకు బాగానే ఉంది కానీ పాటలు పెడితే గుయ్యిమంటోందని ఒకరంటారు. హీరో తెర మధ్యలో నిలబడి మాట్లాడుతుంటే గొంతులో బరువంతా గది మూల నుంచి వస్తోందని ఇంకొకరు. టవర్ స్పీకర్లు మార్చాక సబ్ పలకడమే మానేసిందని మరొకరు. ఈ ఫిర్యాదులు వినగానే చాలామంది సబ్‌నే అనుమానిస్తారు, మార్చేద్దామా అని కూడా ఆలోచిస్తారు. నేనైతే ముందు ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫైయర్ పెట్టె) మెనూ తెరిచి క్రాసోవర్ అంకె ఎంతుందో చూడమంటాను.

క్రాసోవర్ అంటే బేస్ శబ్దాలను పంచే హద్దు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ శబ్దం లోతవుతుంది. 80 హెర్ట్జ్ అని పెడితే దానికి పైనున్నవి స్పీకర్లకు, కిందివి సబ్‌కు వెళ్తాయి. ఆ హద్దు దగ్గర శబ్దం ఒక్కసారిగా తెగిపోదు, వాలుగా తగ్గుతుంది. మామూలు ఏవీ రిసీవర్లలో స్పీకర్ల వైపు ఆక్టేవ్‌కు (అంకె సగమో రెట్టింపో అయ్యే ఒక్కో మెట్టుకు) 12 డెసిబెల్స్, సబ్ వైపు 24 డెసిబెల్స్ చొప్పున తగ్గేలా పెడతారు. కాబట్టి 80 పెట్టినా 100 హెర్ట్జ్ దగ్గరి శబ్దం సబ్‌లోంచి కొంత వస్తూనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, సబ్ ఎక్కడ పెట్టాలో చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఇక్కడే ఒక అపోహ కూడా వదిలించుకోవాలి. క్రాసోవర్ పెంచితే బేస్ పెరుగుతుందని, తగ్గిస్తే పక్కింటివాళ్లకు ఇబ్బంది తగ్గుతుందని చాలామంది నమ్మకం. అది వాల్యూమ్ నాబ్ కాదు. స్లాబ్ దాటి కింది ఫ్లోర్‌కు ఎక్కువగా వెళ్లేవి 30, 40 హెర్ట్జ్ లాంటి బాగా లోతైన శబ్దాలు. క్రాసోవర్ 60 పెట్టినా 120 పెట్టినా వాటిని వాయించేది సబ్బే. కింది ఫ్లోర్ ఆంటీ వచ్చి తలుపు కొడితే తగ్గించాల్సింది సబ్ లెవెల్.

రిసీవర్‌లో పెట్టాలా, సబ్ వెనక నాబ్‌తో పెట్టాలా?

మీకు ఏవీ రిసీవర్ ఉంటే ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, రిసీవర్‌లోనే పెట్టాలి. సబ్ వెనక నాబ్ కేవలం సబ్‌కు వచ్చే శబ్దాన్ని పైనుంచి కత్తిరిస్తుంది. స్పీకర్ల మీదున్న బరువును అది దించలేదు. రిసీవర్ రెండు పనులూ చేస్తుంది: స్పీకర్ల నుంచి బేస్ తీసేస్తుంది, తీసినదాన్ని సబ్‌కు ఇస్తుంది.

రిసీవర్‌లో 80 పెట్టి, సబ్ నాబ్‌ను కూడా జాగ్రత్తగా 80 దగ్గర పెట్టేవాళ్లున్నారు. రెండూ ఒకటే ఉండాలనుకోవడం సహజమే కానీ అలా పెడితే ఒకసారి జల్లించిన పిండిని మళ్లీ జల్లించినట్టు అవుతుంది. హద్దు చుట్టుపక్కల శబ్దం రెండుసార్లు కోతపడి అక్కడ ఒక గుంట ఏర్పడుతుంది. డ్రమ్ దెబ్బలో ఉండాల్సిన బిగువు పోతుంది. పైగా సినిమాలో విడిగా వచ్చే బేస్ ట్రాక్, అంటే 5.1లో ఆ చివరి .1, 120 హెర్ట్జ్ వరకు ఉండొచ్చు. అందులో పైభాగాన్ని కూడా నాబ్ కోసేస్తుంది. అందుకని సబ్ మీద ఎల్‌ఎఫ్‌ఈ (ఆ .1 ట్రాక్ పేరే) అని గుర్తు ఉంటే నాబ్ అక్కడ పెట్టండి, లేకపోతే చివరి వరకు తిప్పి వదిలేయండి.

మెనూలో 'ఎల్‌పీఎఫ్ ఫర్ ఎల్‌ఎఫ్‌ఈ' అని ఇంకో అంకె కనిపిస్తుంది. అది క్రాసోవర్ కాదు, ఆ .1 ట్రాక్ కోసం పెట్టిన వేరే ఫిల్టర్. మామూలుగా 120 ఉంటుంది, దాన్ని కదపొద్దు.

60, 80, 100, 120: ఎవరికి ఏది?

అంకెను నిర్ణయించాల్సింది మీ స్పీకర్లు. సబ్ ఎంత ఖరీదైనది, ఎన్ని అంగుళాలది అన్నది ఇక్కడ తర్వాతి మాట. స్పీకర్ ఎంత లోతుకు తడబడకుండా దిగగలదో చూసి, దానికి కాస్త పైనే హద్దు గీయాలి. స్పెసిఫికేషన్‌లో మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర 55 హెర్ట్జ్ అని, అంటే 55కు వచ్చేసరికి శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుందని, ఉంటే 80 హాయిగా సరిపోతుంది. 75 అని ఉంటే 100 లేదా 110కి వెళ్లండి. డబ్బా మీద ఊరికే '20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్' అని రాసి, ఎన్ని డెసిబెల్స్ తేడాతోనో చెప్పకపోతే ఆ అంకెను పట్టించుకోవద్దు. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న స్పీకర్ డబ్బాల మీద కూడా అది కనిపిస్తుంది. నాలుగంగుళాల కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే భాగం) 20 హెర్ట్జ్‌ను వినిపించేంత గట్టిగా పలకడం జరిగే పని కాదు.

పైన ఎందుకు గీయాలంటే, ఒకే గట్టితనంతో వినిపించాలన్నా ఫ్రీక్వెన్సీ సగానికి పడినప్పుడల్లా కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 80 దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే కోన్ 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలన్నమాట. అదే కోన్ అదే సమయంలో పాట గొంతునో వీణనో కూడా పలికిస్తుంటుంది. బేస్ భారం దించేస్తే స్పీకర్ గొంతు విప్పుకుంటుంది, రిసీవర్ ఆంప్లిఫైయర్‌కూ ఊపిరాడుతుంది. వాల్యూమ్ పెంచినప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

80 అనే అంకె గాల్లోంచి పుట్టలేదు. 1983లో లూకాస్‌ఫిల్మ్‌లో టామ్లిన్సన్ హోల్మన్ ఆధ్వర్యంలో సినిమా హాళ్ల కోసం టీహెచ్‌ఎక్స్ ప్రమాణాలు మొదలయ్యాయి. తర్వాత ఇళ్ల కోసం తెచ్చిన ప్రమాణాల్లో 80 హెర్ట్జ్‌ను హద్దుగా పెట్టారు. ఆ లోతులో శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4.3 మీటర్లు, అంటే 14 అడుగుల పైమాటే. మన రెండు చెవుల మధ్య దూరం అందులో ఏ మూలకు? అందుకే సబ్ సోఫా పక్కనున్నా పేలుడు తెరమీదే జరిగినట్టు అనిపిస్తుంది.

ఐదు లేదా ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు నా ఓటు 80కే. హైదరాబాద్ ఫ్లాట్లలో నాకు ఎక్కువగా కనిపించే సెటప్ కూడా ఇదే. నాలుగంగుళాల బుక్‌షెల్ఫ్‌లకు, గోడకు బిగించే పలచటి స్పీకర్లకు 100, అవసరమైతే 120. ఒకే పెట్టెలో వచ్చే 5.1 సెట్లలోని అరచేతిలో పట్టే స్పీకర్లకు 150, కొన్నిటికి 200 కూడా తప్పదు. ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే అట్మాస్ స్పీకర్లకు 100 లేదా 120 పెట్టి మర్చిపోండి, వాటి నుంచి బేస్ ఆశించడం అనవసరం.

టవర్ స్పీకర్లున్నవాళ్లు మాత్రం ఈ మాట ఒప్పుకోరు. ఇంత డబ్బు పోసి కొన్న టవర్లకు కూడా 80 ఏంటి, 40 పెడితేనే కదా వాటి సత్తా తెలిసేది అంటారు. టవర్ 40 వరకు దిగగలదన్నది నిజమే కావచ్చు. దిగమని అడగడం మంచిదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు గది దగ్గర దొరుకుతుంది. వాటికి నేను 80తో మొదలుపెట్టి, పాటల కోసం 60 ప్రయత్నించమంటాను. 40 మాత్రం వద్దంటాను.

ఇక 120 దాటి వెళ్తే వచ్చే ఇబ్బంది మగవాళ్ల గొంతులో బయటపడుతుంది. మగ గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. క్రాసోవర్ 150 పెడితే ఆ గొంతులో బరువంతా సెంటర్ స్పీకర్ నుంచి జారి సబ్ చేతిలో పడుతుంది. సబ్ గది మూలలో ఉంటే విలన్ పెదవులు తెరమీద, ఛాతీ మూలలో! దీనికి పరీక్ష చాలా సులువు. యాక్షన్ సీన్లు పక్కనపెట్టి, నిండైన గొంతున్న ఎవరిదైనా ఒక ప్రవచనం పెట్టి కళ్లు మూసుకుని వినండి. మాట టీవీ దగ్గరే ఉంటే మీ అంకె సరైనదే. మూలలో ఎవరో దానికి వంత పాడుతున్నట్టుంటే క్రాసోవర్ ఎక్కువైంది, లేదా సబ్ లెవెల్ ఎక్కువైంది. హద్దుకు పైనున్నది కూడా సబ్‌లోంచి కొంత వస్తుందని ముందే చెప్పాను కదా, అందుకే చిన్న స్పీకర్ల వల్ల అంకె తగ్గించే వీలు లేనివాళ్లు సబ్‌ను తెచ్చి టీవీ పక్కనే, సెంటర్‌కు దగ్గరగా పెట్టాలి. అప్పుడు దిశ తెలిసినా అది సరైన దిశే అవుతుంది.

కొన్ని చవక రిసీవర్లలో అన్ని స్పీకర్లకూ కలిపి ఒకే అంకె ఉంటుంది. అప్పుడు అన్నిటికంటే చిన్న స్పీకర్ మాట వినాల్సిందే. విడివిడిగా పెట్టే వీలుంటే ముందు స్పీకర్లకు 80, వెనక చిన్నవాటికి 120 అని ఇచ్చుకోవచ్చు. సెంటర్‌కు మాత్రం పిసినారితనం వద్దు. డైలాగ్ మొత్తం దాని మీదే నడుస్తుంది, అందుకే 100 లోపు పెట్టగలిగేంత సెంటర్ కొనుక్కోవడం మేలు.

లార్జ్, స్మాల్ అనే తికమక

టవర్లు కొన్నాక సబ్ పలకడం మానేసిందన్న ఫిర్యాదు ఇక్కడిదే. రిసీవర్‌లోనే ఉండే ఆడిసీ, వైపావో లాంటి ఆటో సెటప్‌లు మైక్ పెట్టి కొలిచి, టవర్లను చాలాసార్లు 'లార్జ్' అని రాసేస్తాయి. లార్జ్ అంటే ఆ స్పీకర్‌కు క్రాసోవర్ లేదు, దాని బేస్ అంతా అదే వాయించుకోవాలి అని అర్థం. అప్పుడు సబ్‌కు మిగిలేవి సినిమాలోని .1 ట్రాక్, 'స్మాల్'గా ఉన్న మిగతా స్పీకర్ల బేస్ మాత్రమే. రెండు స్పీకర్లలో స్టీరియో పాట పెడితే అందులో .1 ఉండదు కాబట్టి సబ్ మూగబోతుంది. చెడిపోయిందనుకుని సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లకండి.

దీనికి డెనాన్, మరాంట్జ్ మెనూల్లో 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్', యమహాలో 'ఎక్స్‌ట్రా బేస్' అని ఒక దారి ఉంది. అది నొక్కితే టవర్లూ సబ్బూ రెండూ ఒకే బేస్‌ను వాయిస్తాయి. మొదట వినగానే భలే ఉందనిపిస్తుంది. కానీ మూడు చోట్ల నుంచి వచ్చే ఒకే బేస్ గదిలో కొన్నిచోట్ల కలిసి ఉబ్బుతుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తినేస్తుంది. మీ కుర్చీకి ఏది దక్కుతుందో అదృష్టం. నేను దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. స్పీకర్ ఎంత పొడవున్నా 'స్మాల్' పెట్టి క్రాసోవర్ ఇవ్వండి. స్మాల్ అన్న పేరు చూసి చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు, దాని అర్థం 'బేస్ సబ్‌కు ఇస్తాను' అని మాత్రమే.

ఆటో సెటప్ ఇచ్చిన అంకెను పైకి మార్చుకోవచ్చు, కిందికి మాత్రం దించకండి. అది 100 అని చెప్పిందంటే ఆ గదిలో, ఆ చోట మీ స్పీకర్ అంతకంటే కిందికి సరిగ్గా దిగడం లేదని కొలిచి చెప్పినట్టే. 40 అని చెప్తే 80 చేసుకోండి, దాని కోసం మళ్లీ కొలవాల్సిన పనిలేదు. సబ్‌ను జరిపితే మాత్రం కొలత మొదటి నుంచి మళ్లీ చేయాలి.

ఆటో సెటప్ సబ్ దూరాన్ని తప్పుగా చూపిస్తోందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నదాన్ని పన్నెండు అని చూపించొచ్చు. సబ్ లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది, ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కగట్టింది. టేపుతో కొలిచి 'సరిదిద్దకండి'.

గది చెప్పే మాట

మన ఫ్లాట్లలో హోమ్ థియేటర్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మూడో బెడ్‌రూమ్, పదికి పన్నెండు అడుగులు. రెండోది డైనింగ్‌తో కలిసిపోయిన హాల్, ఒక పక్క కిచెన్ వైపు తెరుచుకుని, ఇంకో పక్క బాల్కనీ స్లైడింగ్ డోర్. కాంక్రీట్ స్లాబ్, ఇటుక గోడలు, టైల్స్ నేల. బేస్ వీటిని తాకి తిరిగి రావడమే తప్ప పెద్దగా ఇంకిపోదు. మనవాళ్లు రీసౌండ్ అనేది ఇందులో సగం.

565ను గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి. వచ్చేది ఆ గది మొదట గుయ్యిమనే ఫ్రీక్వెన్సీ. పన్నెండు అడుగులకు 47 హెర్ట్జ్, పది అడుగులకు 56. గది వెడల్పు పది, సీలింగ్ ఎత్తూ దాదాపు పదే అయితే రెండు దిక్కుల గోలా 56 దగ్గరే కలుస్తుంది. చిన్న బెడ్‌రూమ్‌లో బేస్ గిటార్ ఒక స్వరానికి మాత్రం కొండంత అయి, పక్క స్వరానికి మాయమయ్యేది దీనివల్లే.

టవర్లకు 40 ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చూడండి. 40 పెడితే ఈ 47, 56 గొడవను టవర్లే రేపుతాయి. టవర్లను ఎక్కడంటే అక్కడికి జరపలేం, టీవీకి అటూఇటూ ఉండాల్సిందే. 80 పెడితే ఆ గొడవంతా సబ్ చేతిలోకి వస్తుంది. సబ్‌ను జరపొచ్చు, దాని లెవెల్ తగ్గించొచ్చు, రిసీవర్ ఈక్వలైజర్‌తో ఆ ఒక్క ఉబ్బును నొక్కొచ్చు. బేస్ బాధ్యత కదిలించగల పెట్టెకు అప్పగించడమే 80 వల్ల కలిగే అసలు లాభం, నా దృష్టిలో టీహెచ్‌ఎక్స్ ముద్ర కంటే ఇదే పెద్ద కారణం.

సబ్‌కు చోటు వెతకడానికి పాత పద్ధతే మంచిది. సోఫా మీద మీరు కూర్చునే చోట సబ్ పెట్టి, బేస్ గిటార్ ఆగకుండా నడిచే పాట ఒకటి పెట్టి, సబ్ ఉంచగలిగిన చోట్లన్నిటి దగ్గరా నేల మీద వంగి వినండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. స్వరాలన్నీ ఒకే సైజులో ఎక్కడ వినిపిస్తాయో అక్కడ సబ్ పెట్టాలి. గది మూల శబ్దాన్ని పెంచుతుంది కానీ గోలను కూడా పెంచుతుంది. సోఫాను వెనక గోడకు ఆనించి ఉంటే ఒక అడుగైనా ముందుకు లాగండి. మన ఇళ్లలో అందరి సోఫా గోడకే ఉంటుంది, బేస్ అక్కడే పోగవుతుంది.

హాల్ కమ్ డైనింగ్‌లో కథ వేరు. అక్కడ బేస్ కిచెన్‌లోకీ కారిడార్‌లోకీ పారిపోతుంది. ఎనిమిదంగుళాల సబ్ ఆయాసపడుతుంది. క్రాసోవర్ ఎంత తిప్పినా దానికి మందు లేదు, పెద్ద సబ్ కావాలి.

ఇంకో సంగతి. కొన్నిసార్లు దిశ పట్టించేది సబ్ కాదు, దాని వల్ల అదిరే వస్తువులు. షోకేస్ అద్దం, పీవోపీ సీలింగ్‌లో వదులైన లైటు, కర్టెన్ రాడ్, పూజ గదిలో గంటలు. యాప్‌తో 30 నుంచి 120 వరకు టోన్‌ను మెల్లగా జరుపుతూ ఇల్లంతా ఒకసారి తిరగండి, దొంగలు దొరుకుతారు.

అంకె పెట్టాక

స్పీకర్లూ సబ్బూ హద్దు దగ్గర కలిసి పలకాలి. సబ్ వెనక ఫేజ్ స్విచ్ 0, 180 అని ఉంటుంది, సబ్ కోన్ ముందు బయటికి తోయాలా, లోపలికి లాగాలా అన్నది అది మారుస్తుంది. క్రాసోవర్ 80 అయితే 80 హెర్ట్జ్ టోన్‌ను ముందు స్పీకర్ల గుండా పెట్టి, మీ కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని స్విచ్ మార్చమనండి. ఏ వైపు గట్టిగా వినిపిస్తే అది ఉంచండి. గట్టిగా ఉందంటే రెండూ కలిసి తోస్తున్నాయని అర్థం. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చాలు. ఫోన్ మైక్ లోతైన బేస్‌ను సరిగ్గా కొలవదు కానీ ఒకే టోన్‌కు రెండింటిలో ఏది ఎక్కువో చెప్పగలదు. అసలు కొలతల మీద ఆసక్తి పుడితే ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ మెజర్‌మెంట్ మైక్ తీసుకోండి. ఆ దారిలో వెళ్తే ఆదివారాలు మీవి కావు.

80నీ 100నీ పోల్చేటప్పుడు ఒక మెలిక ఉంది. అంకె మార్చితే సబ్ వాటా మారి, మొత్తం బేస్ ఎక్కువ తక్కువగా అనిపించొచ్చు. గట్టిగా ఉన్నది బాగున్నట్టు తోచడం చెవి బలహీనత. సబ్ లెవెల్‌ను సరిచేశాకే పోల్చండి. ఒకే పాట, ఒకే సీన్ పెట్టండి. పాటలో మృదంగమో డప్పో ఉంటే ఇంకా మంచిది: దెబ్బ మొదలు స్పీకర్ నుంచి, అడుగు సబ్ నుంచి వస్తుంది, రెండూ ఒకే వాయిద్యంలా అతికాయో లేదో ఇట్టే తెలుస్తుంది.

సౌండ్‌బార్ కొన్నవాళ్లకు ఈ తలనొప్పి దాదాపు లేదు, చాలావాటిలో క్రాసోవర్ కంపెనీయే బిగించేస్తుంది. బార్‌లోని స్పీకర్లు చిన్నవి కాబట్టి సబ్ చాలా పైవరకు పలుకుతుంది. వైర్‌లెస్ కదా అని దాన్ని సోఫా వెనక పెట్టకండి, బార్ ఉన్న గోడ వైపే ఉంచండి.

రిసీవర్ లేకుండా స్టీరియో ఆంప్లిఫైయర్‌తో పాటలు వినేవాళ్లకు మాత్రం పైన చెప్పినదానికి తిరకాసు లెక్క. ఆ ఆంప్‌లో స్పీకర్ల నుంచి బేస్ తీసే ఏర్పాటు సాధారణంగా ఉండదు, స్పీకర్లు తమ లోతు వరకు వాయిస్తూనే ఉంటాయి. కాబట్టి ఇక్కడ సబ్ నాబే మీ క్రాసోవర్. స్పీకర్ ఎక్కడ అలిసిపోతుందో అక్కడి నుంచి సబ్ అందుకోవాలి. 50 వరకు దిగే స్పీకర్లయితే నాబ్‌ను ఉన్నదాంట్లో అన్నిటికంటే తక్కువకు, 40 లేదా 50కి, పెట్టి, సబ్ వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. సబ్ పలుకుతోందని తెలిసిన క్షణం ఆగి, ఒక పిసరు వెనక్కి తిప్పండి. తర్వాత సబ్ ఆఫ్ చేసి చూడండి. పాట పలచబడినట్టు అనిపిస్తే సెట్టింగ్ కుదిరినట్టే.